చౌడమ్మకు ఆఖరి కంతు

"పన్నెండు దాటితే అమ్మ మనకు దక్కదు. ఎవురిది తక్కువొచ్చినా నేను ఊరుకునేది లేదు, ముందే చెప్తాండా" అంది యశోదమ్మ.

యశోదమ్మ చౌడేశ్వరీ భజన పొదుపు సంఘానికి అధ్యక్షురాలు. కళ్యాణదుర్గం శివార్లలో ఒక రేకుల షెడ్డు. అందులో ఇరవై మంది ఆడవాళ్లు. అందరూ గుమ్మఘట్ట వైపు ఒకే ఊరివాళ్లు. బోర్లు ఎండిపోతే, గొడ్లను అమ్ముకుని, మూడేళ్ల కిందట మూటలు నెత్తిన పెట్టుకుని వచ్చినవాళ్లు.

షెడ్డు గోడకు ఎర్రటి తెర. తెర వెనక అమ్మవారి పీట. తెర ముందు ఇత్తడి బిందె.

ఆ తెర తీయకూడదు, అది కట్టుబాటు. అప్పు కావాల్సిన ఆడమనిషి తెర ముందు కర్పూరం మీద చేయి పెట్టి ప్రమాణం చేస్తే చాలు. పత్రాలు లేవు, జామీను లేదు. అయినా ఎగ్గొట్టినవాళ్లు ఒక్కరంటే ఒక్కరు లేరు. కదిరమ్మ బస్టాండు దగ్గర బోండాల బండి పెట్టింది. చెన్నమ్మ రెండు కుట్టుమిషన్లు కొంది. పెద్ద పెద్ద బ్యాంకులు చూసి ఏడ్చుకోవాల్సిన సంగతే మరి!

అది చూడటానికే అనంతపురం నుంచి సురేంద్ర వచ్చాడు. ఒక స్వచ్ఛంద సంస్థలో అధికారి. మెడలో కెమెరా. 'విశ్వాసంతో పేదరికంపై విజయం' అని నివేదిక రాస్తున్నాడు. అందులో వీళ్ల పేరు 'కాందిశీకులు'. వీళ్లు దాటింది ఏ దేశం సరిహద్దూ కాదు, గంటన్నర బస్సు ప్రయాణం. కానీ కరువు కూలీలంటే దాతలకు అంత జాలి కలగదట.

బయట షేరు ఆటో ఆగి ఉంది. ఇద్దరు మంట సెగకు డప్పులు కాచుకుంటున్నారు. చెన్నమ్మ చేతిలో పళ్లెం, దాంట్లో టెంకాయ, హారతి, చేమంతుల దండ. సురేంద్ర లోపలికి వస్తూనే వినయంగా మెడ వంచాడు.

"ఇది మీకు గాదు సార్" అంది చెన్నమ్మ, పళ్లెం వెనక్కి లాక్కుంటూ.

సురేంద్ర వంచిన మెడను ఏం చేయాలో తెలియక కెమెరా తుడుచుకున్నాడు.

భజన అయింది. ఒక్కొక్కరూ లేచి బిందెలో ఆఖరి కంతు వేస్తున్నారు. తలా మూడు వందలు. కదిరమ్మ వంతు వచ్చేసరికి ఆమె లేవలేదు.

"నూరే ఉండాదక్కా. మా ఇంటాయన బెంగుళూరు నుంచి దుడ్లు పంపిస్తానన్యాడు, ఇంగా రాలేదు. వచ్చే మంగళవారం ఇస్తా."

"వచ్చే మంగళవారం దాకా అమ్మ కాసుకోనుంటాదా?" అంది యశోదమ్మ.

"మూడేండ్లు కడుపు కట్టుకోని కట్టినాం గదే! ఈ ఇన్నూరు కోసరం అంతా మన్నుపాలు జేస్తావా?" అని చెన్నమ్మ నెత్తి కొట్టుకుంది.

కదిరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తిట్టినవాళ్లే తమ కొంగుముళ్లు విప్పి చూసుకున్నారు. ఎవరి దగ్గరా చిల్లిగవ్వ మిగల్లేదు. గోడ గడియారం పదకొండుంబావు చూపిస్తోంది.

యశోదమ్మ సురేంద్ర వైపు తిరిగింది. "సార్, ఇన్నూరు ఉంటే ఇయ్యప్పా. వారంలో తిరిగిస్తాం. ఆడకూతురు ఏడుస్తాంది."

సురేంద్ర జేబులో ఐదు వందల నోటు ఉంది. దాంతోపాటు సిద్ధాంతం కూడా ఉంది.

"నేనిస్తే మీకు చేయి చాచడం అలవాటవుతుందమ్మా. మీ కాళ్ల మీద మీరు నిలబడాలి."

చెప్పేవాడికి చేసేవాడు లోకువ అని ఊరికే అన్నారా!

కదిరమ్మ తన కాళ్ల వైపు చూసుకుంది. కాళ్లు ముందుకు చాపింది. పెళ్లినాడు వాళ్లమ్మ తొడిగిన వెండి కడియాలు. ఎద్దుల్ని అమ్మినప్పుడు కూడా వాటి జోలికి పోలేదు. పళ్లు బిగబట్టి రెండూ ఊడదీసింది. మడమ గీరుకుని రక్తం చిమ్మింది. బిందెలో వేసింది.

సురేంద్ర ఫోటో తీసుకున్నాడు. ముఖచిత్రానికి సరిగ్గా సరిపోతుంది.

యశోదమ్మ కదిరమ్మ తల నిమిరి మెటికలు విరిచింది. "నా తల్లే! మళ్లా చేయిస్తాంలే, ఏడవాకు."

"అమ్మ కన్నా ఎక్కువైనాయా నాకు కడియాలు?" అని కదిరమ్మ ముక్కు చీదింది.

"ఇంగ లేయండి, ఆటోవాడు అరుస్తాండాడు!"

అప్పుడొచ్చింది సురేంద్రకు ధర్మాగ్రహం. ఫోటో అయిపోయింది కాబట్టి కోపానికి తీరిక దొరికింది.

"ఆగండి! ఇదేం మూఢనమ్మకం? పేదరాలి కాళ్ల కడియాలు పీక్కునే దేవత ఏం దేవత? ఆమె మొహం చూసే అడుగుతాను!"

తెర దగ్గరికి నడిచాడు.

"తెర తీయొద్దు సార్! నీకు దండం పెడతాం!" ఇరవై గొంతులు ఒక్కసారిగా అరిచాయి. కదిరమ్మ కుంటుతూ వచ్చి అతని చేయి పట్టుకుంది.

"చూశారా, ఎంత భయమో! మూడేళ్లుగా మిమ్మల్ని ఇంతగా వణికిస్తున్నది ఏమిటో మీకే చూపిస్తాను" అని సురేంద్ర చేయి విదిలించుకుని తెర లాగేశాడు.

పీట ఖాళీగా ఉంది. ఊరు వదిలిన నాడు ఒడిలో పెట్టుకుని తెచ్చుకున్న వెండి చౌడమ్మ, ఈ ఇరవై మందికీ తొలి పెట్టుబడి తానే అయి, మూడేళ్లుగా బజారులో సేటు బీరువాలో తాకట్టు ఉంది.