పదకొండు గీతలు

కొత్త వాచీ మీద మొదటి గీత గీయడానికి సర్వేయరుకి చేతులు రాలేదు.

బాత్‌రూమ్ గడియ పెట్టుకుని, కుళాయి తిప్పి, ఎడమ చేతిలో వాచీ, కుడి చేతిలో స్కూటరు తాళం పట్టుకుని పావుగంటగా నిలబడి ఉన్నాడు. ఎదురుగా స్టూలు మీద సెల్‌ఫోన్. అందులో పాత వాచీ మీది గీతల ఫోటోలు. మొత్తం పదకొండు.

ఇన్సూరెన్స్ కంపెనీలో సర్వేయరు ఆయన. గుద్దుకున్న కార్ల మీద, లారీల మీద సొట్టలూ గీతలూ చూసి, ఏది నిజంగా ప్రమాదంలో పడిందో, ఏది ఇంట్లో కూర్చుని చేసుకున్నదో తేల్చడం ఉద్యోగం. ఇరవై ఏళ్ళుగా దొంగ గీతలు పట్టుకున్న మనిషి ఇప్పుడు తానే దొంగ గీతలు గీయబోతున్నాడు. కంపెనీవాళ్ళు చూస్తే పడీ పడీ నవ్వుతారు.

అసలు వాచీ పదో పెళ్ళిరోజుకి భార్య కొనిచ్చింది. ఆవిడ పళ్ళ డాక్టరు. దాని కోసం రెండేళ్ళు ఆదివారాలు కూడా క్లినిక్ తెరిచింది. అంత ఖరీదైన వస్తువు కట్టుకున్నవాళ్ళు ఆయన వంశంలోనే లేరు. కట్టుకున్న రెండో రోజే ఫ్రిజ్ తలుపు తగిలి గీత పడింది. ఆ పూట అన్నం సహించలేదు. వృత్తి అలవాటు కొద్దీ తేదీ వేసి ఫోటో తీసుకున్నాడు. ఆ తర్వాత గేటు గొళ్ళెం, మెట్ల పక్క ఇనప కమ్మీ, లారీ బంపరు. గీత పడ్డప్పుడల్లా ఇంట్లో ఒక సంతాప సభ.

“వాచీ కట్టుకుంటున్నారా, దానికి కాపలా కాస్తున్నారా?” అనేది భార్య.

“నీకేం, ఇచ్చేసి ఊరుకున్నావు. మోసేవాణ్ణి నేను కదా,” అనేవాడు.

పోయిన మంగళవారం పొద్దున్నే, రోజూ వాచీ పెట్టే సొరుగు లాగితే వాచీ లేదు.

చప్పుడు కాకుండా ఇల్లంతా గాలించాడు. ముందు రోజు మెకానిక్ షెడ్డులో, దెబ్బలు చూడ్డానికి ఒక లారీ కిందికి దూరబోయే ముందు వాచీ విప్పి టైరు మీద పెట్టిన గుర్తుంది. మళ్ళీ తీసుకున్న గుర్తు లేదు. ఇంకేముంది, కేసు తేలిపోయింది. ఎదుటివాళ్ళని నాలుగు సాక్ష్యాలు అడిగే మనిషి, తన దగ్గరికి వచ్చేసరికి సాక్ష్యం లేకుండానే శిక్ష వేసేసుకున్నాడు. షెడ్డుకి పరిగెత్తాడు. లారీ వెళ్ళిపోయింది. మెకానిక్కులు తెల్లమొహాలు వేశారు.

ఆవిడ తిడుతుందని కాదు భయం. తిట్టకుండా “పోనీలెండి” అని లోపలికి వెళ్ళిపోతుందని. ఆ రెండేళ్ళ ఆదివారాలు ఎక్కణ్ణుంచి తెచ్చిస్తాడు? పైగా మరో వారంలో పదిహేనో పెళ్ళిరోజు.

బ్యాంకులో దాచుకున్నది కాస్తా ఊడ్చేసి, వాడిన వాచీలు అమ్మే దుకాణంలో అచ్చం అలాంటిదే పట్టుకున్నాడు.

“ఒక్క గీత కూడా లేదు, చూడండి సార్,” అన్నాడు దుకాణదారు గర్వంగా.

“అదేనయ్యా నా ఖర్మ,” అన్నాడు సర్వేయరు.

ఆ వాచీయే ఇప్పుడు చేతిలో ఉంది. కళ్ళు మూసుకుని, పళ్ళు బిగించి, తాళంతో ఒక్కటి లాగాడు. తన ఒంటి మీదే పడ్డట్టు విలవిల్లాడాడు. తీరా కళ్ళు తెరిచి చూస్తే, గీత తిన్నగా, తళతళలాడుతూ, ఎవరో పనిగట్టుకుని గీసినట్టే ఉంది. ఇలాంటి క్లెయిము నా దగ్గరికొస్తే చచ్చినా పాస్ చెయ్యను అనుకున్నాడు.

దాంతో పద్ధతి మార్చాడు. ఏ గీత ఎక్కడ పడిందో వాచీని అక్కడికే తీసుకెళ్ళాడు. తాళం గీత మీదుగానే ఫ్రిజ్ తలుపుకి ఒకటి, గేటు గొళ్ళేనికి ఒకటి, ఇనప కమ్మీకి రెండు. ఆయన మెట్లెక్కుతూ దిగుతూ కమ్మీకి చెయ్యి కొట్టుకోవడం చూసి పక్కింటావిడ ఆగిపోయింది.

“అన్నయ్యగారూ, చేతికేమన్నా తిమ్మిరా?”

“వ్యాయామం అమ్మా,” అన్నాడు.

కొత్త గీతలు మెరవకుండా గ్రీజూ దుమ్మూ కలిపి రుద్దాడు. ఆ రుద్దుడంతా బాత్‌రూమ్‌లోనే. గంటలు గంటలు లోపలే ఉంటుంటే భార్య తలుపు తట్టింది.

“ఏవండీ, కడుపులో బాలేదా?”

అవునన్నాడు. మూడు రోజులు పథ్యం పెట్టింది. ఆ చప్పిడి తిండి నోరు మూసుకుని తిన్నాడు.

అదృష్టం ఏమిటంటే, ఆ వారంలో ఒక్కసారి కూడా ఆవిడ “వాచీ ఏదండీ?” అని అడగలేదు. మామూలుగా అయితే బోడి చేత్తో గడప దాటితే వెనక్కి పిలిచే మనిషి. మొగుడి మణికట్టు వైపు చూసే తీరిక ఆవిడకి ఇవ్వనందుకు, ఊళ్ళో పళ్ళనొప్పులున్న వాళ్ళందరికీ మనసులో దణ్ణం పెట్టుకున్నాడు.

పెళ్ళిరోజు పొద్దునకి పదకొండో గీత కూడా పూర్తయింది. ఫోటోల పక్కన పెట్టి భూతద్దంతో చూసుకున్నాడు. తన సర్వీసులో ఇంత నిఖార్సైన మోసం చూడలేదు. సిగ్గేసింది. సిగ్గుతో పాటే కాస్త మురిసిపోయాడు కూడా. వాచీ కట్టుకుని, చొక్కా చెయ్యి దాని మీదికి లాక్కుని హాల్లోకి వచ్చాడు.

భార్య చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని నిలబడి ఉంది. ముఖం వెలిగిపోతోంది.

“కళ్ళు మూసుకుని చెయ్యి చాపండి,” అంది.

కుడి చెయ్యి చాపాడు. అరచేతిలో చల్లగా, బరువుగా ఏదో పెట్టింది.

“ఎక్కడ అడుగుతారోనని ఈ వారమంతా హడలి చచ్చాననుకోండి. మీరేమో కడుపునొప్పి గొడవలో పడి అసలు గమనించనే లేదు,” అంటూ నవ్వింది. “ఇక కళ్ళు తెరవండి. మీరు రోజూ చూసి ఏడ్చే ఆ పదకొండు గీతలూ పాలిష్ పట్టించి చెరిపించుకొచ్చాను, మీ వాచీ మీద.”