టవర్ల దారి

సర్వేవాళ్ళ బండి ఆగగానే నోరీన్ పొలం గేటుకు తాళం వేసింది. గాలిమరల కరెంటు మోసుకెళ్ళే టవర్లు ఆమె గోధుమ చేనులోంచి, భర్త చితాభస్మం చల్లిన చోటు మీదుగా పోతాయట.

"చట్టం వచ్చేసింది టీచర్. మీరు కాదన్నా మేం లోపలికి రావచ్చు," అన్నాడు సర్వేయరు క్లింట్, ఇబ్బందిగా.

"ఎవడ్రా ఆ చట్టం అడిగింది? మెల్‌బోర్న్‌లో వాడి పెరట్లోనే పాతుకోమను!"

క్లింట్ టోపీ తీశాడు.

"ఆరో క్లాసులో మా అందరిచేతా మంత్రికి ఉత్తరాలు రాయించారు కదా టీచర్. బొగ్గు కరెంటు వద్దు, గాలి కరెంటుకు చట్టం తెమ్మని. నా ఉత్తరంలో తప్పులు దిద్దింది మీరే."

నోరీన్ చేనుకేసి చూసింది. తర్వాత తాళం తీయబోయి ఆగింది. తాళంచెవి గేటు మీదుగా క్లింట్ చేతిలో పెట్టింది.

"నువ్వే తియ్యరా," అంది.