మొదటి ముగ్గురు

"ఇవాళైనా లేస్తావా, లేవవా?" కారు దిగుతూనే అడిగింది ఒడెస్సా.

"నా మోకాళ్లనడుగు," అంది వెర్లీన్.

చెల్లెలికి ఎనభై, అక్కకు తొంభై. జార్జియాలోని ఆ విశ్వవిద్యాలయం ఒకప్పుడు నల్లవాళ్లను గేటు కూడా దాటనిచ్చేది కాదు. మొట్టమొదట చేర్చుకున్న ముగ్గురు నల్ల విద్యార్థుల్లో ఒడెస్సా ఒకతె. ఆ ముగ్గురికీ ఇవాళ సన్మానం.

పతకం మాట అటుంచి, ఒడెస్సాకు కావలసింది ఒక్కటే. అక్క లేచి నిలబడి తన కోసం చప్పట్లు కొట్టాలి. పుట్టడం, ఈత, పెళ్లి, అన్నిట్లోనూ అక్కే ముందు. ఇదొక్కటే తనది.

"పోలీసుల మధ్య నడిచి క్లాసుకెళ్లాను నేను. ఆ వయసులో నువ్వేం చేశావు? అట్లాంటాలో అత్త దగ్గర నాలుగేళ్లు గౌన్లు కుట్టావు!"

"బాగా కుట్టానే పిల్లా. ఒక్క కుట్టు బయటికి కనపడలేదు."

గుమ్మం దగ్గర కుర్చీలు చూపించే అమ్మాయి వెర్లీన్‌ను చూసి తడబడింది. "మీరు... ఈవిడ కుటుంబమేనా అండీ?"

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. వెర్లీన్‌ది నాయనమ్మ తెల్లరంగు. ఆ రోజుల్లో బస్సు డ్రైవర్లు కూడా పొరబడి, తెల్లవాళ్లకే ఉంచిన ముందు సీట్లోకి రమ్మనేవారు.

పతకం మెడలో పడగానే హాలు మొత్తం లేచింది. వెర్లీన్ మాత్రం కూర్చునే పిప్పరమెంటు చప్పరిస్తోంది. ఒడెస్సా వేదిక మీంచి కళ్లతో బతిమాలింది. అక్క మోకాలు చూపించింది.

"ఇంటికి పద, చెప్తా నీ పని!" ఒడెస్సా మైకులోనే అనేసింది. హాలు గొల్లుమంది.

చివర్లో ఎప్పుడూ ఉండే వేడుక మొదలైంది. ఛాన్సలర్ సంవత్సరాలు వెనక్కి పిలుస్తూ పోతాడు. ఆ ఏడాది ఇక్కడ పట్టా అందుకున్నవాళ్లు లేవాలి. అందరికన్నా పాతవాళ్లకు పూలగుత్తి.

"అరవై ఏడు!"

ఒడెస్సా, మిగతా ఇద్దరూ లేచారు. ఈలలు, కేకలు.

"ఇంతకన్నా వెనక మావాళ్లెవరూ లేరు. తెల్లవాళ్లూ, ఇక మీరు కానివ్వండి!" అంది ఒడెస్సా. మళ్లీ నవ్వులు.

అరవై రెండుకు ఒక తెల్ల ముసలాయన లేచి, పూలగుత్తి తనదేనన్నట్టు చెయ్యి ఊపాడు. అరవైకి ఎవరూ లేవలేదు. యాభై ఎనిమిదికీ లేవలేదు.

"యాభై ఏడు!" అని ఛాన్సలర్ పిలవగానే, ముందు కుర్చీ పట్టుకుని వెర్లీన్ నిటారుగా లేచి నిలబడింది.