డిక్కీలో పట్టేంత

"చక్రాలున్నవి వద్దు," అన్నాడు గోదాము మేనేజరు, షాపులోకి అడుగుపెడుతూనే.

ఆ షాపులో ముప్పాతిక వంతు బ్యాగులు చక్రాలున్నవే. సేల్స్‌మన్ ముఖం అక్కడే సగం వాడిపోయింది.

పక్కనున్న పళ్ళ డాక్టరమ్మ క్లినిక్ నుంచి తిన్నగా వచ్చింది, అలిసిపోయి ఉంది. ఫోన్ తీసి సేల్స్‌మన్‌కి ఫొటో చూపించింది. ఎర్రటి స్పోర్ట్స్ కారు. విదేశంలో విమానం దిగగానే అద్దెకు తీసుకుని, కొండదారుల్లో వారం రోజులు తిరగాలని ప్లాను. ఆ కారు ధరకి రెండిళ్లు కొనుక్కోవచ్చు గానీ లోపల ఉన్నవి రెండే సీట్లు. ఇంజను వెనక ఉంటుంది, డిక్కీ ముందు ఉంటుంది. అందులో రెండు దిండ్లు పెడితే మూత పడదు. ఇంత డబ్బు పోసి ఇంత ఇరుకులో కూర్చోవడాన్నే దర్జా అంటారు కాబోలు.

లారీల్లోకి పెట్టెలు ఎక్కించడం మేనేజరుగారి పని. ఆయన దాన్ని పని అనడు, శాస్త్రం అంటాడు. ఫ్రిజ్‌లో గిన్నెలు సర్దినా సరే, పక్కన నిలబడ్డవాళ్లకి ఉపన్యాసం ఉచితం. ఈసారి ఇంకో మెట్టు ఎక్కాడు. డిక్కీ కొలతలు తెప్పించుకుని, గోదాములో అట్టలు కోసి, టేపు అంటించి, అచ్చం అంతే పెట్టె తయారుచేసి చంకలో పెట్టుకొచ్చాడు. షాపు నడిమధ్యలో దాన్ని దించాడు. మిగతా కస్టమర్లు చుట్టూ తిరిగి పోవలసి వచ్చింది.

"ఇదిగో డిక్కీ. ఇందులో పట్టింది బ్యాగు. పట్టనిది షోకు."

సేల్స్‌మన్ ఆశ చంపుకోలేక ఒక గట్టి పెట్టె తెచ్చాడు. ఏనుగు ఎక్కినా పగలదన్నాడు. ఏనుగుని తీసుకెళ్లడం లేదన్నాడు మేనేజరు. గట్టి పెట్టె మాట వినదట, మెత్తటి బ్యాగయితే ఎలా కూరితే అలా ఒదుగుతుందట. పైగా విమానంలో తలపైన అరలోనూ పట్టాలట. ఈ పాఠం నడుస్తున్నంతసేపూ సేల్స్‌మన్ డాక్టరమ్మ వంక జాలిగా చూశాడు. ఇలాంటి మనిషితో కాపురం చేస్తున్నందుకు ఆవిడకి చేతులెత్తి మొక్కాలనిపించింది అతనికి.

మొక్కదగ్గ కారణం లేకపోలేదు. కాపురం మొత్తంలో వాళ్లిద్దరూ కలిసి పరాయి దేశం వెళ్లింది ఒక్కసారి. అప్పుడు ఎయిర్‌పోర్టులో, క్యూ అంతా చూస్తుండగా, ఈయన ఆవిడ సూట్‌కేసు నేలమీద తెరిచి, సర్దడం ఎలాగో చేసి చూపించాడు. లోబట్టలతో సహా. అక్కడ మొదలైన పోట్లాట తిరిగొచ్చేదాకా ఆగలేదు. హోటలు కిటికీలోంచి సముద్రం కనబడుతున్నా ఇద్దరూ చెరో గోడనీ చూస్తూ కూర్చున్నారు.

"ఈ ప్రయాణం పాడవకూడదు," అంది డాక్టరమ్మ మెల్లగా. "సామాను దగ్గర మాటామాటా రాకూడదు. అందుకే మిమ్మల్ని రమ్మన్నాను."

మేనేజరు వంగి, అక్కర్లేకపోయినా, అట్టపెట్టె మూల టేపుని మళ్లీ నొక్కాడు.

ఆ తర్వాత బేరం చకచకా సాగింది. ఇద్దరికి రెండు గుడ్డ బ్యాగులు. ఆవిడకి నీలం, రెండోది నలుపు. నల్లదాంట్లో పెద్ద బూట్లు కూడా పట్టాలంది ఆవిడ.

"పెద్ద బూట్లుంటే కాళ్లకి వేసుకుని విమానం ఎక్కాలి, బ్యాగులో కాదు," అని కసిరాడు. కసిరినా, జిప్పు ఇంకాస్త బాగా తెరుచుకునే రకం అడిగి తెప్పించాడు.

నీలం బ్యాగుకి బయట జేబు లేదని దాన్ని రెండుసార్లు వెనక్కి పంపాడు. సేల్స్‌మన్‌కి తలప్రాణం తోకకొచ్చింది. చివరికి జేబున్నది దొరికాక, దాన్ని ఆవిడ చేతికిచ్చి వేలితో తట్టాడు.

"మాత్రలు ఇందులో పెట్టుకో. మలుపుల రోడ్డు మీద నీకు కడుపులో తిప్పుతుంది. నువ్వు ఎవరికీ చెప్పవు, ఓర్చుకుంటావు."

ఆవిడకి ఏడుపొచ్చింది. జిప్పు సరిచూస్తున్నట్టు తల వంచుకుంది.

రెండు బ్యాగులూ పక్కపక్కన పెట్టెలో ఒదిగాయి. అట్టమూత చక్కగా పడింది. మేనేజరు షాపు మొత్తాన్నీ ఒకసారి గర్వంగా చూశాడు. చప్పట్లు కొట్టడానికి ఎవరూ లేరు, ఆయన వచ్చాక కస్టమర్లందరూ మెల్లగా జారుకున్నారు.

బిల్లు కట్టి డాక్టరమ్మ ముందు నడిచింది. పీడ వదిలిందన్న సంతోషంలో సేల్స్‌మన్ తలుపు తీసి పట్టుకున్నాడు.

"హాయిగా వెళ్లి రండి సార్. కొండదారిలో మేడమ్‌ని జాగ్రత్తగా చూసుకోండి."

"ఆ మాట కొత్త పెళ్లికొడుక్కి చెప్పాలి బాబూ, నేను పాత మొగుణ్ణి," అన్నాడు గోదాము మేనేజరు.