సరిపోయిన వేలు

ఇవాళ చెంగమ్మ వేలిని మెషీన్ ఒప్పుకోకపోతే ప్రొఫెసర్ శ్యామ్‌సుందర్ పరిశోధన ఆగిపోతుంది.

ఆ మాట ఢిల్లీ కమిటీ మర్యాదగానే చెప్పింది. సర్కారు సొమ్ముతో నడుస్తున్న పని అది. పల్లెల్లో చదువురానివాళ్లు కూడా మెషీన్ మీద వేలు పెట్టి ఆన్‌లైన్‌లో కావలసినవి తెప్పించుకోవాలి. డబ్బు భద్రంగా ఉండాలి. పని చిటికెలో అయిపోవాలి.

తిరువళ్లూరు చుట్టుపక్కల ఊళ్లన్నీ లొంగాయి. పాండూరు చెంగమ్మ ఒక్కతే లొంగలేదు. వేరుశనక్కాయలు ఒలిచి ఒలిచి అరిగిపోయిన వేళ్లు. బీపీ మాత్రల కోసం ఊరి సెంటర్‌కు వెళ్లినప్పుడల్లా 'మీరు చెంగమ్మ కారు' అని మెషీన్ తిప్పి పంపేది.

"ముందు ఆవిడ వేలు ఒప్పించండి. తరవాతి విడత నిధుల సంగతి అప్పుడు చూద్దాం" అన్నాడు కమిటీ పెద్ద.

శ్యామ్‌సుందర్ చెంగమ్మను ఎన్నడూ చూడలేదు. ఆమె వేలిని మాత్రం తెరమీద గుమ్మడికాయంత చేసి చాలాసార్లు చూశాడు. అప్పట్లో ఊళ్లు తిరిగి వేలిముద్రలు తీసుకున్న అతని కుర్రాళ్లు మంచి ఉద్యోగాలు దొరికి వెళ్లిపోయారు. కొత్తగా చేరిన మధుమిత చేత, ముద్రలో తేడా ఉన్నా ఒప్పుకునేలా మెషీన్ పట్టు వదులు చేయించాడు.

"సార్, ఇంత వదిలేస్తే..."

"కమిటీ ముందు అది కాదనకూడదమ్మా. అంతే."

కారు పాండూరు వెళ్లి ఇద్దరినీ ఎక్కించుకొచ్చింది. చెంగమ్మ మొగుడు జయరామన్ ముందు దిగాడు. నున్నటి గుండు. వెనకే కొత్తచీరలో ఆమె.

"తిరుత్తణి మొక్కా?" గుండు చూసి నవ్వుతూ అడిగాడు శ్యామ్‌సుందర్.

జయరామన్ నవ్వలేదు. "అంతా తీరిపోయినాది సార్."

ఆమెను మెషీన్ ముందు కూర్చోబెట్టారు. ఎదురుగా కమిటీ. ఆమె జయరామన్ వంక చూసింది.

"బావా, పెట్టాల్నా?"

"పెట్టు. వాళ్లే కదా రమ్మనింది."

ఈ వయసులోనూ బావా అని పిలుస్తోందని కమిటీలో తెలుగు తెలిసినాయన ముచ్చటపడ్డాడు.

ఆమె బొటనవేలు పెట్టింది. మెషీన్ కాసేపు ఆలోచించింది. తరవాత పచ్చలైటు వెలిగింది.

"నమస్కారం చెంగమ్మ గారూ! మీ బీపీ మాత్రలు రేపు ఇంటికి వస్తాయి" అంది లోపలి నుంచి తియ్యటి ఆడగొంతు.

చప్పట్లు మోగాయి. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కమిటీ పెద్ద కరిగిపోయాడు. ఆ కన్నీళ్లు నివేదిక అట్టమీదికి బాగుంటాయని ఫోన్ తీసి ఫోటో కొట్టాడు. నిధులు వచ్చినట్టే అనుకోమని శ్యామ్‌సుందర్ భుజం తట్టాడు.

శ్యామ్‌సుందర్‌కు నేల మీద కాళ్లు ఆనలేదు. నేరుగా జయరామన్ దగ్గరికి వెళ్లాడు.

"చూశారా! ఇన్నాళ్లకు మా మెషీన్ మీ ఆవిడను గుర్తుపట్టింది."

"ఆమా సార్, చూసినాను. అది చూసిపోదామనే వచ్చినాను."

"అప్పట్లో మామీద కోపం వచ్చే ఉంటుంది."

"నాకేంది సార్ కోపం? దానికే. 'నేను నేను కాదంట' అని ఇంటికొచ్చి మొత్తుకొనేది. మాత్రల్లేకనే పండుకొనేది."

"ఇక ఆ బాధ లేదు. వచ్చే నెల ఢిల్లీలో పెద్దవాళ్ల ముందు ఇదే మళ్లీ చూపించాలి. విమానంలో వెళదాం. చెంగమ్మగారిని తీసుకొచ్చే పూచీ మీది."

జయరామన్ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"చెంగమ్మకు మొన్ననే కర్మాంతరం అయిపోయినాది సార్, ఇది దాని చెల్లెలు పొన్నమ్మ."