వెనక్కి చూడని తల్లి

డైరెక్టర్ మళ్లీ కట్ చెప్పేసరికి రిషితకు ఏడుపొక్కటే తక్కువ.

మళ్లీ ఆ ముసలావిడే.

దేశం కాని దేశంలో, బర్నబీ కొండ మీది యూనివర్సిటీలో పెయింటింగ్ చదువుతున్న రిషితకు ఇదే మొదటి వేషం. రెండో ప్రపంచయుద్ధం మీద సినిమా. రంగూన్ మీద బాంబులు పడితే మనవాళ్లు పిల్లాజెల్లాతో అడవులకు అడ్డంపడి, కాలినడకన ఇండియాకు పారిపోయిన కథ.

బర్మా ఎక్కడ, ఈ చలిదేశం ఎక్కడ? అయినా కొండ వెనక చెట్లనే బర్మా అడవి అనుకోమన్నారు. గుంపులో నడవడానికి జనానికి కొదవ లేదు. ఆ ఏడాది ఏ కాలేజీలో చూసినా మన పిల్లలే. పెద్దవాళ్లను మాత్రం తెలుగు సంఘం వాళ్లు పంపారు.

అలా వచ్చినావిడే శకుంతల గారు. ఎనభై దాటిన మనిషి.

రిషితది తల్లి వేషం. ఇద్దరు పిల్లల్నీ మోయలేక, జ్వరంతో ఉన్న చంటిదాన్ని చెట్టు కింద పడుకోబెట్టి, పెద్దవాడి చెయ్యి పట్టుకుని వెళ్లిపోవాలి. వెనక్కి తిరగకూడదు. తిరిగితే సీను చచ్చిపోతుందని డైరెక్టర్ ఒకటికి పదిసార్లు చెప్పాడు.

రిషిత అలా నడక మొదలుపెట్టేది. గుంపులోంచి శకుంతల గారి గొంతు లేచేది.

"ఒక్కసారి తిరిగి చూడమ్మా."

మొదట్లో అందరూ నవ్వారు. తర్వాత ఎవరికీ నవ్వు రాలేదు. వాన పట్టుకుంది, వెలుతురు పోతోంది.

టీ తాగుతుంటే ఆవిడ వచ్చి రిషిత చెయ్యి పట్టుకుంది. ఎంత కష్టమొచ్చినా తల్లి తిరిగి చూడకుండా పోదని మళ్లీ అదే పాట.

"బామ్మగారూ, ఇది సినిమా. నాకిదే మొదటి ఛాన్స్, పాడు చేయకండి."

"పాడు చేయనమ్మా. ఆ తల్లి తిరగడం చూద్దామనే వచ్చాను."

రిషితకు ఒళ్లు మండిపోయింది. సినిమా పిచ్చి ముదిరిందనుకుంది. ఆవిడ ఉంటే తన వల్ల కాదని తనే వెళ్లి డైరెక్టర్‌తో చెప్పింది. శకుంతల గారిని కారెక్కించి ఇంటికి పంపేశారు. మలుపు తిరిగేదాకా ఆవిడ కారులోంచి వెనక్కి చూస్తూనే ఉంది.

ఆ తర్వాత షాట్ ఒక్క టేకులో ఓకే అయింది.

సినిమా విడుదలైంది. ఆ సీను బ్రహ్మాండంగా వచ్చిందని అందరూ మెచ్చుకున్నారు. రిషితకే మనసొప్పలేదు. తెర మీద కనిపించింది తన వీపు. ముఖాలు గీసే మనిషి కదా, అక్కడ ముఖం లేని లోటు తెలిసిపోయింది. పాపం, ఆవిడ చెప్పిందే నిజమేమో అనిపించింది.

కూర్చుని బొగ్గుతో బొమ్మ గీసింది. పిల్లాడి చెయ్యి పట్టుకుని పోతూ పోతూ వెనక్కి తిరిగి చూస్తున్న తల్లి. అది ఆవిడ చేతిలో పెట్టి, తప్పయిందని చెప్పి రావాలని వాళ్లింటికి వెళ్లింది.

తలుపు తీసింది ఆవిడ కూతురు నీరజ. హాల్లో శకుంతల గారి ఫోటోకు దండ వేసి ఉంది. రిషిత గుమ్మంలోనే ఆగిపోయింది.

తానెవరో చెప్పి రిషిత ఇచ్చిన బొమ్మను నీరజ వెలుతురు వైపు తిప్పి చూసింది.

"అమ్మ నీకు చెప్పిందా?"

"ఏమీ చెప్పలేదు ఆంటీ. తిరిగి చూడమంది, అంతే. ఎందుకని నేనూ అడగలేదు."

నీరజ ఆ బొమ్మను తీసుకెళ్లి, అందులోని తల్లి చూపు ఫోటో మీద పడేలా ఎదురుగా నిలబెట్టింది.

"ఆ అడవి దారిలో చెట్టు కింద వదిలేసి వెళ్లిన చంటిపిల్ల మా అమ్మేనమ్మా, దారినపోయే వాళ్లెవరో ఎత్తుకొచ్చి పెంచుకుని, శకుంతల అని పేరు పెట్టారు."