గ్రీజు పూసిన బండి

"మా నాన్న అమ్మకు మాత్రలు సరిగ్గా వెయ్యడం లేదు డాక్టరుగారూ," అంది కూతురు, తండ్రి పక్కనే కూర్చున్నాడన్న మొహమాటం కూడా లేకుండా.

డాక్టరు ముసలమ్మ చేతికి చుట్టిన పట్టీ విప్పి, మళ్లీ చుట్టి, గాలి కొట్టి చూశాడు. బీపీ దిగలేదు. పోయినసారి మందు పెంచాడు, అంతకు ముందూ పెంచాడు. అయినా అది అటకెక్కిన పిల్లిలా ఎంత పిలిచినా దిగనంటోంది.

పైగా ఇంట్లో కళ్లు తిరుగుతున్నాయట. లేస్తే గోడ పట్టుకోవాలి, నడిస్తే మనిషిని పట్టుకోవాలి. ఇలాగే వదిలేస్తే అమ్మ దక్కదని కూతురి భయం. తన ఇంటికి తీసుకుపోయి తన చేత్తోనే మందులిస్తానని బయల్దేరేటప్పుడే తేల్చి చెప్పింది.

ఆ తండ్రి పేటలో అందరికీ పానా తాత. ఒక వయసంతా లారీల కింద వెల్లకిలా పడుకొని గడిపిన మెకానిక్కు. దూరాన మలుపు తిరుగుతున్న లారీ చప్పుడు విని, ఫలానా నట్టు వదులైందని షెడ్డులోంచే చెప్పేవాడని ప్రతీతి. ఆ ప్రతీతిని పుట్టించింది కూడా ఆయనే అనుకోండి, అది వేరే సంగతి. రిపేరుకు తెచ్చే ముందు గ్రీజు దట్టించి చప్పుడు నొక్కేసే డ్రైవర్లంటే మాత్రం ఆయనకు ఒళ్లుమంట. అలాంటివాళ్లను పానా పుచ్చుకొని తరిమిన రోజులున్నాయి.

డాక్టరుకు ఒక ఆలోచన వచ్చింది. కూతురు తెచ్చిన డబ్బాలోని మాత్రలన్నీ బల్లమీద పోయించి, ఏది ఎందుకో, ఎప్పుడు వేయాలో తాతను చెప్పమన్నాడు.

పానా తాత కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. అదొక టెక్కు. ఒక్కో మాత్రనూ వేళ్ల మధ్య తిప్పుతూ చెప్పుకుంటూ పోయాడు. ఇది పొద్దున, పరగడుపున. ఇది ఒంట్లో చేరిన నీరు లాగేది, సాయంత్రం వేస్తే రాత్రంతా జాగారమే, అందుకని పొద్దున్నే. ఈ గుండ్రటిది గుండె వేగానికి బ్రేకు. ఈ బిళ్ల రంగు మారింది గాని సరుకదే. వేళ తప్పలేదు, వరస తప్పలేదు. డాక్టరు కావాలనే తలనొప్పి బిళ్ల ఒకటి కలిపితే, దాన్ని గోటితో పక్కకు మీటి, "ఇది మా బండిది కాదు బాబూ," అన్నాడు.

డాక్టరు నవ్వాపుకోలేకపోయాడు. "ఎప్పుడైనా మరిచిపోయారా తాతా?"

"మరుపా? ఒక్క పూట మరిచిపోయుంటే ఈ చెయ్యి విరగ్గొట్టండి."

"ఆయనా మరిచిపోయేది," ముసలమ్మ గొణిగింది. "నిద్రలో ఉన్నా లేపి మింగిస్తాడు. కాకపోతే డాక్టరుబాబూ, మీ దగ్గరికి వచ్చే ముందు నాలుగు రోజులూ నాకు కళ్లు తిరగవు. మీ పేరు చెబితేనే జబ్బు జడుసుకుంటోంది."

"అయితే నా ఫోటో ఒకటిస్తా, మంచం పక్కన పెట్టుకోండి," అన్నాడు డాక్టరు. అందరూ నవ్వారు. కూతురూ నవ్వింది.

నవ్వులయ్యాక మందు మరో మెట్టు పెంచాడు. ఇది మొండి బీపీ అన్నాడు, కొందరికి అంతే అన్నాడు. మీరూ బీపీ మనిషే కదా, వచ్చే నెల మీరూ చూపించుకోండి అని తాతకు చెప్పాడు.

మెట్లు దిగుతూ కూతురు తలెత్తలేకపోయింది. "అమ్మ నీ దగ్గరే ఉండనీలే నాన్నా."

"మరి ఇందాక నామీద వేసిన కేసో?"

"కొట్టేశారుగా."

తండ్రి ఆమె నెత్తిమీద మెల్లగా ఒక మొట్టికాయ వేశాడు.

వారం తిరక్కుండానే ముసలమ్మ పోయింది. తీగమీది బట్టలు తీద్దామని కుర్చీలోంచి లేచిందట. లేచిన మనిషి లేచినట్టే వెనక్కి విరుచుకుపడింది. గడప తలకు తగిలింది. మందు ఇంకాస్త ముందే పెంచి ఉండాల్సిందని డాక్టరు బాధపడ్డాడు.

కూతురు తండ్రి దగ్గరే ఉండిపోయింది. మాటల పుట్టలాంటి మనిషి, ఇప్పుడు ఇంట్లో ఉన్నాడో లేడో తెలియదు. ముసలమ్మ కుర్చీని ముందు పెట్టుకొని, అది కిర్రుమనకపోయినా కీళ్లకు నూనె వేస్తూ కూర్చుంటాడు. అమ్మను తీసుకెళ్లినా తాను ఇంతకంటే బాగా చూసుకోగలిగేది కాదు. ఆ ఒక్క మాటతోనే కూతురు తన మనసుకు సర్దిచెప్పుకుంటోంది.

నెల తిరిగాక ఒక పొద్దున, తండ్రి వేసుకోవాల్సిన బీపీ మాత్ర, గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి చేతికిచ్చింది. ఆయన మాత్రను వేళ్ల మధ్య తిప్పి చూసి, జాగ్రత్తగా తిరిగి ఆమె అరచేతిలో పెట్టాడు.

"ఏం నాన్నా, ఇది కాదా?"

"అదే. కానీ ఇప్పుడొద్దు, నిన్నటి నుంచే ఆపేశా. శుక్రవారం డాక్టరుగారికి చూపించుకోవాలిగా."

"చూపించుకోవడానికి ఆపడమెందుకు?"

పానా తాత ఆమెవంక జాలిగా చూశాడు, షెడ్డులో కొత్తగా పనికి కుదిరినవాణ్ణి చూసినట్టు.

"చప్పుడు నొక్కేసి బండిని చూపిస్తే ఆయన మాత్రం ఏం బాగుచేస్తాడే పిచ్చితల్లీ? మీ అమ్మకైతే ప్రతిసారీ నాలుగు రోజుల ముందే ఆపేసేవాణ్ణి, ఒక్కసారి కూడా మరిచిపోలేదు."